బూడిద, ఎర్ర మట్టి, ఇనుప తురుము: చెత్తతో నీళ్లలోని విషం తీయొచ్చా?

శుక్రవారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఎప్పట్లాగే ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు, ఇంట్లోవాళ్లకు పంపాలనుకునేవాళ్లు ఇది చదవండి. ఆడియోలో అంకెలు చెవికి ఎక్కవు కదా, అవి ఇక్కడ కొంచెం వివరంగా ఇచ్చాను.

ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఒమన్ నుంచి ఒక తమ్ముడు పెట్టిన వాయిస్ మెసేజ్. "అన్నా, ఊళ్లె బోరు నీళ్లు మంచిగ లేవని మా నాయిన ఫిల్టర్ కొందామంటుండు. అమ్మేటాయన కరెంటు ప్లాంటు బూడిదతోని చేసిన పొడి అని చెప్తుండు. సీసం, ఆర్సెనిక్ అన్నీ గుంజుకుంటదట. బూడిదే విషం అంటరు కదా, మరి అది నీళ్లనెట్ల కడుగుతది?"

మంచి ప్రశ్న. నేను గల్ఫ్‌కొచ్చి 11 ఏళ్లు. వచ్చినప్పటి నుంచీ చేసే పని ఇదే: ఫ్యాక్టరీ నుంచి వచ్చే మురికి నీళ్లలోంచి లోహాలు తీసే ప్లాంటులో ఆపరేటర్‌ని. పైగా మాది రామగుండం పక్క ఊరు, బూడిద నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చుట్టం. అందుకే జవాబు ముందే చెప్పేస్తా. తమ్ముడు విన్న రెండు మాటలూ నిజమే. బూడిద నీళ్లలోని లోహాన్ని పట్టుకోగలదు. ఆ బూడిదలోనూ లోహాలుంటాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: లోహం మాయం కాదు, చోటు మారుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది, చివరికి ఎవరి చేతుల్లో పడింది అన్నదే అసలు లెక్క.

భారలోహం అంటే ఏది, ఎంత ఉంటే ఎక్కువ?

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం, నికెల్ లాంటివి భారలోహాలు. ఆర్సెనిక్ పూర్తిగా లోహం కాదు గానీ దాన్నీ ఈ జాబితాలోనే వేస్తారు. నల్గొండ నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మాత్రం భారలోహం కాదు. దాన్ని తీసే పద్ధతులు వేరు, ఈ రెండూ కలపొద్దు.

ఈ లోహాలకు నీళ్లలో రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి తెలీదు. క్రోమియం ఎక్కువగా ఉంటే పసుపు కనిపిస్తుంది, కానీ అది ఫ్యాక్టరీ నీళ్ల స్థాయి. తాగే నీళ్లలో అంత ఉండదు.

తాగే నీళ్లలో సీసం గానీ ఆర్సెనిక్ గానీ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అదెంతో ఇలా ఊహించుకోండి. 10 వేల లీటర్ల ట్యాంకర్లు పది వరసగా నిలబెట్టండి. మొత్తం లక్ష లీటర్లు. అందులో ఒక్క గ్రాము సీసం. అంతే హద్దు. కాడ్మియానికి ఇంకా తక్కువ, 0.003 మిల్లీగ్రాము. ఇంత తక్కువ మోతాదును కంటితో, నాలుకతో కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంకోటి, మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లోహం పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్లు లోహంతో ఇంకాస్త చిక్కబడతాయి.

లోహాన్ని పట్టుకునే నాలుగు దారులు

చాలా ప్లాంట్లలో, చాలా మెటీరియల్స్‌తో జరిగేది ఈ నాలుగింట్లో ఒకటి, లేదా రెండు మూడు కలిసి.

*ఒకటి, అంటుకోవడం.* పుస్తకాల్లో అధిశోషణం అంటారు. లోహపు అయాన్లు ఒక పదార్థం ఉపరితలం మీద అతుక్కుంటాయి. బెల్లం గడ్డ పెడితే కొన్ని చీమలే పడతాయి. అదే గడ్డను దంచి పళ్లెంలో పరిస్తే ఎన్ని పడతాయి? ఉపరితలం పెరిగేకొద్దీ చోటు పెరుగుతుంది. అందుకే సన్నటి పొడులు, తుప్పు, సూక్ష్మ రంధ్రాలున్న పదార్థాలు ఈ పనికి బాగుంటాయి.

*రెండు, సీటు మార్చుకోవడం.* దీన్నే అయాన్ మార్పిడి అంటారు. జియోలైట్ అనే పదార్థం లోపల చిన్న చిన్న గదులుంటాయి. అందులో సోడియం కూర్చుని ఉంటుంది. సీసం ఉన్న నీళ్లు పోస్తే రెండు సోడియంలు దిగిపోతాయి, ఒక సీసం ఎక్కి కూర్చుంటుంది. బస్సు నిండాక ఇక ఎక్కనివ్వదు.

*మూడు, విరగడం.* పాలలో నిమ్మరసం పిండితే ముక్కలు విడిపోతాయి కదా. ఇక్కడ పులుపుకు బదులు సున్నం. నీళ్ల పీహెచ్ పెంచితే కరిగి ఉన్న లోహం హైడ్రాక్సైడ్‌గా మారి కిందికి దిగుతుంది. కానీ పీహెచ్ మరీ పెరిగితే జింక్, క్రోమియం, సీసం మళ్లీ కరిగిపోతాయి. ఎక్కువ సున్నం వేస్తే ఎక్కువ శుభ్రం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

*నాలుగు, రూపం మార్చడం.* క్రోమియంలో రెండు రకాలు ముఖ్యం. ఆరో రకం (క్రోమియం ఆరు) నీళ్లతో పాటు ఎంత దూరమైనా పోతుంది, క్యాన్సర్ తెస్తుంది. మూడో రకం చాలా తక్కువ ప్రమాదం, తేలిగ్గా అడుగున పేరుకుంటుంది. ఆరును మూడుగా మారిస్తే సగం పని అయినట్టే.

మా ప్లాంటులో రోజూ జరిగేది చివరి రెండూ. పసుపు రంగు క్రోమ్ నీళ్లలో ముందు యాసిడ్ పోసి పీహెచ్ 2, 3 మధ్యకు దింపుతాం. మెటాబైసల్ఫైట్ కలపగానే పసుపు పోయి ఆకుపచ్చగా మారుతుంది. తర్వాత సున్నంతో 8.5 దాకా ఎక్కిస్తాం. బురద దిగుతుంది, ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే కేకు వస్తుంది, సంచుల్లో నింపుతాం. ఈ కెమికల్స్ అన్నీ కొనాలి. అదే పనిని పారేసే చెత్తతో చేయొచ్చా అన్నదే శాస్త్రవేత్తల ప్రశ్న.

ఇనుప తురుము: పని చేసి చూపించిన చెత్త

మన క్యాంపుల్లో బంగ్లాదేశ్ వాళ్లు ఉండని గది ఉంటుందా? వాళ్లను అడగండి, ఊళ్లో గొట్టపు బావులకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఎందుకు వేశారో చెప్తారు. చెరువు నీళ్లు తాగి విరేచనాలతో పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ లక్షలాది గొట్టపు బావులు వేశారు. భూమి లోపల సహజంగా ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడింది. చరిత్రలో ఒక జనాభాకు ఎక్కిన విషాల్లో ఇదే అతి పెద్దదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు. ఎరుపు అంటే తాగొద్దని, ఆకుపచ్చ అంటే తాగొచ్చని.

అక్కడి కుష్టియా ప్రాంతం నుంచి అమెరికా వెళ్లి కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయిన అబుల్ హుస్సామ్, సోనో అనే ఫిల్టర్ తయారు చేశారు. పైన ఒక బకెట్, దాని కింద ఇంకో బకెట్. పై దాంట్లో ఇసుక, మధ్యలో ఇనుప పొర. కింది దాంట్లో ఇసుక, కట్టె బొగ్గు, ఇటుక ముక్కలు. ఆ ఇనుప పొర దేనితో చేస్తారో తెలుసా? మెషీన్ షాపుల్లో లేత్ మీద రాలిపడే పోత ఇనుము తురుముతో. మనం చీపురుతో ఊడ్చి స్క్రాపులో వేసేదే. దాన్ని శుద్ధి చేసి, గట్టి పొరగా చేసి వాడతారు. నీళ్లు తగిలి ఇనుము మెల్లగా తుప్పు పడుతుంది, ఆ తుప్పుకు ఆర్సెనిక్ అంటుకుంటుంది. కరెంటు అక్కర్లేదు. బంగ్లాదేశ్ ప్రభుత్వం పరీక్షించి అనుమతించిన ఫిల్టర్లలో అదొకటి. 2007లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ దీనికి గ్రెయింజర్ బహుమతి ఇచ్చింది, 10 లక్షల డాలర్లు.

ఇనుముతోనే ఇంకో ఉదాహరణ, ఈసారి అమెరికాలో. నార్త్ కరోలినా రాష్ట్రం, ఎలిజబెత్ సిటీలో కోస్ట్ గార్డ్ వాళ్ల పాత క్రోమ్ ప్లేటింగ్ షాపు కింద భూగర్భ జలంలోకి క్రోమియం ఆరు దిగింది. 1996లో ఆ నీళ్లు పారే దారికి అడ్డంగా భూమిలో కందకం తవ్వి ఇనుప రజను నింపారు. 46 మీటర్ల పొడవు, 7.3 మీటర్ల లోతు, 0.6 మీటరు మందం. నీళ్లు ఆ గోడలోంచి మెల్లగా పారుతుంటే ఆరో రకం క్రోమియం మూడో రకంగా మారి అక్కడే చిక్కుకుపోతుంది. మోటారు లేదు, ఆపరేటర్ లేడు.

బూడిద, ఎర్ర మట్టి, స్లాగ్

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, 30 నుంచి 45 శాతం. అంటే మూడు లారీల బొగ్గు కాలిస్తే ఒక లారీ బూడిద మిగులుతుంది. రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి, ఎక్కడైనా ఇదే లెక్క. ఈ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. జియోలైట్‌కు కావాల్సిన ముడిసరుకు కూడా అవే. 1985లో హోలర్, విర్షింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బూడిదను కాస్టిక్ సోడాతో ఉడికించి జియోలైట్ చేయొచ్చని చూపించారు. ఆ తర్వాత ప్రపంచమంతా దీని మీద పరిశోధనలు జరిగాయి. ఇక్కడ 'ఉడికించి' అన్న మాట పట్టుకోండి. గంటల తరబడి వేడి, కాస్టిక్, ఆ తర్వాత బాగా కడగడం. పాండ్‌లోంచి ఎత్తి తెచ్చిన పచ్చి బూడిదకూ, ఇలా తయారైన జియోలైట్‌కూ మట్టికీ కుండకూ ఉన్నంత తేడా.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో అశోక్ గాడ్గిల్ బృందం ఇంకో దారి పట్టింది. బాయిలర్ అడుగున మిగిలే బాటమ్ యాష్ రేణువులకు తుప్పు పూత వేసి, దానితో ఆర్సెనిక్ పట్టారు. తర్వాత అదే బృందం బూడిదను వదిలి, ఇనుప పలకలకు కొద్దిగా కరెంటు ఇచ్చి నీళ్లలోనే తుప్పు పుట్టించే పద్ధతికి మారింది. పశ్చిమ బెంగాల్‌లోని ధప్‌ధపి హైస్కూల్లో అలాంటి ప్లాంటు పెట్టారు.

ఎర్ర మట్టి అంటే పొలం మట్టి కాదు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే బురద. అల్యూమినా ఒక టన్ను వస్తే ఈ బురద దాదాపు టన్ను, టన్నున్నర వస్తుంది. మన సరిహద్దులో ఒడిశా దామన్‌జోడిలో ఉంది. 2019 నుంచి అబుదాబి అల్ తవీలాలో కూడా అల్యూమినా రిఫైనరీ నడుస్తోంది, అక్కడ పనిచేసేవాళ్లు చూసే ఉంటారు. దీంట్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దండిగా ఉంటాయి కాబట్టి ఆర్సెనిక్, సీసం లాంటివాటిని బాగా పడుతుంది. కానీ పీహెచ్ 10 నుంచి 13 దాకా ఉంటుంది, చర్మం కాలుతుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని ఐకా దగ్గర ఈ బురద చెరువు కట్ట తెగి ఊళ్ల మీద పడి 10 మంది చనిపోయారు. కాబట్టి ముందు దాని ఘాటు తీసేసి, శుద్ధి చేశాకే ఏదైనా.

స్టీల్ ప్లాంట్ స్లాగ్‌లో సున్నం ఎక్కువ. అది మూడో దారిలో, అంటే విరగ్గొట్టే పనిలో ఉపయోగపడుతుంది. గనుల నుంచి కారే యాసిడ్ నీళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది.

మరి ఇన్ని ఉంటే ప్లాంట్లలో ఎందుకు కనిపించవు?

ఈ విషయం మీద పరిశోధన పత్రాలు వేలల్లో ఉన్నాయి. చాలావాటిలో 95 శాతం తీసేసింది, 99 శాతం తీసేసింది అని ఉంటుంది. అబద్ధం కాదు. కానీ ల్యాబ్‌లో బీకరులో ఉండేది శుభ్రమైన నీళ్లు, అందులో ఒకే లోహం, పీహెచ్ సరిగ్గా పెట్టి ఉంటుంది. మా ప్లాంటుకొచ్చే నీళ్లలో నూనె, సబ్బు, ఉప్పు, ఐదారు లోహాలు, అన్నీ కలిసి వస్తాయి. కాల్షియం వచ్చి సీసం సీట్లో కూర్చుంటుంది. ఫాస్ఫేట్, సిలికా వచ్చి ఆర్సెనిక్ చోటు లాక్కుంటాయి. ఇవాళ వచ్చిన బూడిద గుణం రేపటి లోడులో ఉండదు.

అన్నిటికంటే పెద్ద సమస్య, బస్సు నిండటం. పొడి నిండిపోయిందని నీళ్లు మనకు చెప్పవు. నిన్న ఎంత తేటగా వచ్చాయో ఇవాళా అంతే తేటగా వస్తాయి, లోహంతో సహా. కొన్నిసార్లు యాసిడ్ నీళ్లు తగిలితే అప్పటిదాకా పట్టిందంతా ఒక్కసారిగా వదిలేస్తుంది కూడా. అందుకే శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపే మనిషి లేకుండా ఇలాంటి ఫిల్టర్ నడపడం కళ్లు మూసుకుని బండి నడపడమే.

పట్టుకున్న లోహం ఎవరి చేతుల్లో పడుతుంది?

ఇక్కడే మన సంగతి వస్తుంది. నీళ్లు శుభ్రమయ్యాయి, సంతోషం. లోహం ఎక్కడుంది? బురదలో, కేకులో, వాడేసిన పొడిలో. నీళ్లలో లక్ష లీటర్లలో చెదిరి ఉన్నది ఇప్పుడు ఒక సంచిలో చేరింది. ఆ సంచి ఎత్తేది ఎవరు? మనమే. రూలు ప్రకారం అది ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో అలాంటిది ఉంది, గల్ఫ్ దేశాల్లోనూ ఉన్నాయి. కానీ అక్కడికి చేరేలోపు నింపేది, కుట్టేది, లోడు చేసేది కూలీ చేతులే.

నేను మొదట చేసిన కంపెనీలో, పేరు చెప్పను, క్రోమ్ కేకు సంచులు ఎత్తడానికి హోటల్లో వడ్డించేటప్పుడు వేసుకునే పల్చటి ప్లాస్టిక్ గ్లోవ్స్ ఇచ్చేవాళ్లు. అడిగితే ఫోర్‌మన్ 'ఖల్లీ వల్లీ' అనేవాడు. మాతో పనిచేసే ఒకాయనకు వేళ్ల మీద గుండ్రటి పుండ్లు లేచాయి, నెలల తరబడి మానలేదు. క్రోమియంతో వచ్చే పుండ్లు అలాగే ఉంటాయని క్లినిక్‌లో డాక్టర్ చెప్పాకే మాకు తెలిసింది.

ఇది గల్ఫ్‌లోనే అనుకోకండి. 2008 డిసెంబరు 22న అమెరికాలోని టెనసీ రాష్ట్రం, కింగ్‌స్టన్ కరెంటు ప్లాంటులో బూడిద చెరువు కట్ట తెగింది. దాదాపు 41 లక్షల ఘనపు మీటర్ల తడి బూడిద నదిలో, ఇళ్ల మీద పడింది. ఏళ్ల తరబడి దాన్ని ఎత్తి శుభ్రం చేసిన కార్మికుల్లో చాలామంది జబ్బు పడ్డారు. మాస్కులు అడిగితే ఇవ్వలేదని కోర్టుకెళ్లారు. కాంట్రాక్టు కంపెనీ సరైన జాగ్రత్త తీసుకోలేదని 2018లో జ్యూరీ తేల్చింది. 2023లో రాజీ కుదిరింది. 'బూడిదే కదా' అనే మాట ఎంత ఖరీదైనదో వాళ్లకు తెలుసు.

ప్లాంటులో, ప్లేటింగ్‌లో, బ్యాటరీ, స్క్రాప్ పనుల్లో ఉన్నవాళ్లకు

- బురద, కేకు, వాడేసిన ఫిల్టర్ పొడి తడిగా ఉన్నప్పుడే నింపండి. ఎండి దుమ్ము లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొడిగా ఊడ్వొద్దు, గాలి గొట్టంతో కొట్టొద్దు.
- బట్ట మాస్కు దుమ్ముకు చాలదు. కెమికల్ గ్లోవ్స్, దుమ్ముకు పనికొచ్చే మాస్కు అడగండి. ప్రతి పదార్థానికీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, చూపించమనండి. చదవడం రాకపోతే ఫొటో తీసి మాకు పంపండి.
- చేతులు, మూతి కడగకుండా తినొద్దు, బీడీ సిగరెట్ ముట్టొద్దు. సీసం నోటి దారిన కూడా లోపలికి పోతుంది.
- డ్యూటీ బట్టలు గదికి తేవొద్దు, ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.
- సీసం పని చేసేవాళ్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. క్రోమ్ పనిలో మానని పుండ్లు, ముక్కులోంచి తరచూ రక్తం వస్తే డాక్టరుకు మీ పనేంటో విడమరిచి చెప్పండి. పని చెప్పకపోతే ఆయన అలర్జీ మందు రాసి పంపిస్తాడు.

ఇంటికి ఏం చెప్పాలి?

బూడిద పొడి, ఎర్ర మట్టి పొడి, ఏ పేరు పెట్టినా, పరీక్ష రిపోర్టు లేనిది తాగే నీళ్లలో వేయొద్దు. శుద్ధి చేయని బూడిద నీళ్లలోకి తనలోని ఆర్సెనిక్‌నే వదలొచ్చు. సోనో లాంటివి పనిచేశాయంటే వాటి వెనక పరీక్షలున్నాయి. యూట్యూబ్ చూసి చేసుకునేవి కావు.

ఫిల్టర్ కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులుంటాయి. భారలోహాలకు వేరే యంత్రం కావాలి, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడే అడగండి. లోహమే లేకపోతే లోహం తీసే ఫిల్టర్‌కు మీ ఒక నెల జీతం ఎందుకు?

అమ్మేవాళ్లు చేసే రెండు గారడీలు తెలుసుకోండి. ఒకటి, టీడీఎస్ మీటర్. అది నీళ్లలో మొత్తం లవణాలను వందల్లో చూపిస్తుంది. సీసం హద్దు 0.01. ఆ మీటర్‌కు అది కనిపించనే కనిపించదు. రెండు, గ్లాసు నీళ్లలో కరెంటు కడ్డీలు పెట్టి "చూడండి ఎంత మురికో" అని గోధుమ రంగు చూపించడం. ఆ రంగు మీ నీళ్లది కాదు, ఆ ఇనుప కడ్డీ తుప్పుది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పారదు కాబట్టి ఫిల్టర్ నీళ్లలో రంగు రాదు, అంతే సంగతి.

పరీక్షలో లోహం ఉందని తేలితే ఆర్ఓ ఫిల్టర్ చాలావరకు తీస్తుంది, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. దాని వేస్టు నీళ్లు మాత్రం తాగడానికి, కూరగాయలకు వాడొద్దు. తీసిన లోహం పోయేది అందులోకే. గల్ఫ్‌లో మనం తాగేది ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసింది. అక్కడ భయం మూలంలో కాదు, పాత పైపుల్లో, ట్యాంకుల్లో. పొద్దున్నే కొంచెం నీళ్లు వదిలేసి పట్టుకోండి, వంటకు వేడి నీళ్ల నల్లా వాడొద్దు. వేడి నీళ్లు పైపులోని సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి.

చెత్తతో నీళ్లు కడగడం మంచి ఆలోచనే. ఇనుప తురుము అది చేసి చూపించింది, బూడిదకూ ఆ రోజు రావొచ్చు. కానీ ఎవరైనా "మా పొడి లోహాన్ని తీసేస్తుంది" అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఎంత పడుతుంది? నిండిందని ఎలా తెలుస్తుంది? నిండాక ఎక్కడ పడేయాలి? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా రెండూ వినక్కర్లేదు.

మీ పనిచోట వాడే కెమికల్స్ గురించి సందేహాలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు, కంపెనీ చెప్పనవసరం లేదు. వచ్చే శుక్రవారం వెల్డింగ్ పొగ గురించి మాట్లాడుకుందాం. నీళ్లు బాగా తాగండి, జాగ్రత్తగా ఉండండి.